మంచంలోంచి మాతర బస్సు

ప్రతి తెల్లవారీ సుగతదాస మంచంలోంచే మాతర బస్సు బయల్దేరదీసేవాడు.

మాలని పొయ్యి రాజేసి, బుద్ధుడి పటం ముందు గ్లాసెడు నీళ్ళూ గుప్పెడు పూలూ పెట్టి, "త్రిరత్నాలే శరణు" అనుకుంటూ చేతులు తుడుచుకునే వేళకి, మంచం పక్క బల్లమీద లాప్‌టాప్ గొంతెత్తేది.

"దెణియాయ, కొటపొల, మొరవక, అకురెస్స, మాతర! ఎక్కండి, ఎక్కండి! లోపలికి జరగండమ్మా, వెనకంతా ఖాళీయే!"

ఆ గొంతు సుగతదాసది కాదు. ఉప్పూ కారం లేని ఎవరిదో పట్నం గొంతు, యంత్రంలో పుట్టింది. మాటలు మాత్రం అతనివే. పాతికేళ్ళ పైచిలుకు, కొండల్లోంచి సముద్రపు ఒడ్డున్న మాతర దాకా పోయే డిపో బస్సు తలుపుకి వేలాడుతూ ఆ మాటలే అరిచాడు. తేయాకు కొండల మలుపుల్లో అతని కేక ముందు వినబడేదనీ, బస్సు తర్వాత కనబడేదనీ చెప్పుకునేవారు.

"నా దగ్గర చిల్లర లేదు కండక్టరు గారూ, మాతర దాకా ఊరికే తీసుకెళ్తారా?" అని వంటింట్లోంచి మాలని అడిగేది.

జవాబు రావడానికి అన్నం ఒక పొంగు వచ్చేంత సేపు పట్టేది. ఆమె గరిటె పట్టుకుని ఓపిగ్గా నిలబడేది. చివరికి యంత్రం అనేది: "ఆడవాళ్ళ సీటు నీకోసమే ఆపాను. కూర్చో."

మొదట టికెట్లు వేళ్ళ మధ్యనుంచి జారిపోవడం మొదలైంది. తర్వాత మెట్టుమీద కాలు నిలవలేదు. ఆ తర్వాత నాలుక మొద్దుబారింది. నరాల జబ్బు, మందు లేదని పెద్దాసుపత్రి డాక్టరమ్మ చెప్పి, తానే కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు ఒంట్లో అతని మాట వినేవి రెండే మిగిలాయి, కళ్ళూ కుడి బొటనవేలూ. ఆ బొటనవేలి కింద ఒక బొత్తం పెట్టారు. తెరమీద అక్షరాలు వరసలుగా నిలబడి ఉంటాయి. ఒక వెలుగు వరస వెంట వరస నడుస్తుంది. కావలసిన వరస దగ్గర నొక్కితే అక్కడ ఆగి, అక్షరం వెంట అక్షరం నడుస్తుంది. మళ్ళీ నొక్కాలి. చీమ బియ్యపు గింజ మోసినట్టు ఒక్కొక్క మాటే మోసుకొచ్చి పోగు చేస్తే, యంత్రం దాన్ని పైకి చదువుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది తెర మూలనున్న గంట గుర్తు. దానిమీద నొక్కితే యంత్రం బస్సు హారన్లా గట్టిగా మోగుతుంది. మాలని ఎక్కడున్నా పరిగెత్తుకొస్తుంది. ఆమె ఇంట్లో లేకపోతే కంచె అవతలి యసవతక్క వస్తుంది. సుగతదాస గొంతులో కఫం అడ్డుపడితే తల పక్కకి తిప్పి, గుడ్డతో తీసేసేదాకా ఊపిరాడదు. ఆ గంటే అతని ఊపిరి అనుకోవాలి.

ఆ ఏడు మా ద్వీపంలో అన్నీ ఒక్కసారే కరువయ్యాయి. గ్యాసు లేదు, డీజిలు లేదు, పాలపొడి లేదు. కరెంటు పొద్దున్నే పోతే మధ్యాహ్నందాకా రాదు, వచ్చినట్టే వచ్చి మళ్ళీ పోతుంది. పాత లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటుంటేనే దానికి ప్రాణం. సుగతదాసకి గొట్టంలోంచి పోసే గంజి కాయాలంటే కిరోసిన్ కావాలి, కిరోసిన్ కోసం మాలని తెల్లారకుండా వరసలో నిలబడాలి. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయేది, దాంతో గంటా పోయేది. వరసలో ఆమె కాళ్ళు మాత్రమే నిలబడేవి, మనసంతా మంచం దగ్గరే. ముందూ వెనకా ఉన్నవాళ్ళకి ఆమె సంగతి తెలుసు. "నువ్వొకసారి వెళ్ళి చూసి రా అమ్మా, నీ డబ్బా మేం జరుపుతాం" అనేవారు. ఎండలో మాడిపోతూ కూడా ఆ డబ్బాని ఎవరూ పక్కకి నెట్టలేదు. ఆ కష్టకాలంలో మా లోయలో అలాంటి పుణ్యాలు రోజుకెన్ని జరిగాయో లెక్క రాసేవాడు పైనొకడుంటే వాడికే తెలియాలి.

కొత్త సంవత్సరం దగ్గర పడుతుండగా పాత లాప్‌టాప్ కరెంటున్నా లేవడం మానేసింది. మాతర బస్సు ఆగిపోయింది.

పండగ ముందురోజు విమలసిరి వచ్చాడు. సుగతదాస పాతికేళ్ళూ టికెట్లు కోసింది ఈ విమలసిరి తోలిన బస్సులోనే. చంకలో కొత్త లాప్‌టాప్ పెట్టె ఉంది. డిపోలో డ్రైవర్లూ కండక్టర్లూ, టీ కొట్టువాడితో సహా, తలా కొంత వేసుకుని కొన్నారు.

"ఏరా సుగతే, నోరు పడిపోయినా నీ గోల పడిపోకూడదని డిపో వాళ్ళంతా తీర్మానించారు" అన్నాడు పెట్టె గుండెల మీద పెట్టి చూపిస్తూ. "ఇది కరెంటు లేకపోయినా సగం రోజు మోగుతుందట. కొట్టువాడు ప్రమాణం చేశాడు."

మాలని ఆ పెట్టెని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. వెంటనే తెరవబోయి ఆగింది. పాత సంవత్సరం పోవడానికీ కొత్తది రావడానికీ నడుమ కొన్ని గంటలు ఏ పనీ చెయ్యరాని వేళ ఉంటుంది. పొయ్యి వెలిగించరు, చీపురు ముట్టరు, గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుంటారు. ఆ వేళ ఇంకాసేపట్లో మొదలవబోతోంది.

"తెరవకపోతే మానె, ప్లగ్గన్నా పెడదామా? ఛార్జింగ్ పెట్టడం పని కింద వస్తుందా?" అన్నాడు విమలసిరి తల గోక్కుంటూ.

"పొయ్యి రాజెయ్యడం పని కాదా అన్నయ్యా? ఇదీ నిప్పేగా" అంది మాలని. "ఇంత మంచి వస్తువు, ఆయన ప్రాణం దీంట్లో పెడుతున్నాం. రేపు పొద్దున మొదటి పనికి మంచి గడియ ఉంది. అప్పుడే మొదలెడదాం. ఏమంటారు కండక్టరు గారూ?"

సుగతదాస కళ్ళు ఒకసారి మూసి తెరిచాడు. అంటే ఔనని. తానూ ఆ గడియల్ని నమ్మి పెరిగినవాడే, కొత్త టికెట్ల కట్ట కూడా మంచి వేళ చూడకుండా విప్పేవాడు కాదు. పండగ రోజుల్లో కరెంటు కోత ఉండదని చెప్పారు, నిజంగానే లేదు. ఆ సాయంత్రమంతా ఇంట్లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, పెట్టె మూసినట్టే ఉంది.

మాలని గుడికెళ్ళింది. ఇంట్లో సుగతదాసా, పెట్టే, గోడమీద ఒక బల్లీ మిగిలారు. ఆ బల్లి పాకుతూ పాకుతూ కిటికీ పక్కనున్న ప్లగ్గు దగ్గరికి పోయి, పగిలిన మూత సందులో తల దూర్చింది. చిటుక్కున మెరుపొచ్చింది. కమురు వాసన కొట్టింది. బల్లి కింద పడింది. దీపం ఒకసారి రెపరెపలాడి నిలబడింది. ఆ ప్లగ్గు పని అయిపోయిందని సుగతదాసకి తెలిసింది. చీమలు వచ్చి, ఊడ్చే అవసరం లేకుండా బల్లిని మోసుకుపోయాయి.

మాలని తిరిగొచ్చాక అతను కళ్ళు అట్టవైపు తిప్పాడు. యంత్రం లేనప్పుడు వాడే అక్షరాల అట్ట అది. ఆమె ఒక్కొక్క అక్షరం మీద వేలు పెడుతూ పోతే, కావలసినచోట అతను కన్ను మూస్తాడు. పాపం గుడిమెట్లెక్కి దిగి అలిసిపోయి వచ్చింది, అయినా కూర్చుంది. "కిటికీ" అన్న మాట అయ్యేసరికే మాలని లేచింది.

"గాలి తగులుతోందా? అంత చిన్న మాటకి ఇంత యాతన ఎందుకయ్యా, నాకే తెలియాలి" అని కిటికీ తలుపు మూసేసింది. దుప్పటి గడ్డందాకా లాగి నుదురు నిమిరింది. ఆ నిమరడం ఎంత మెత్తగా ఉందంటే, ఇంకా చెప్పాల్సింది ఉందని మళ్ళీ అట్టవైపు చూడడానికి అతనికి మనసొప్పలేదు. పొద్దున చెప్పొచ్చులే అనుకున్నాడు.

పొద్దున అందరూ తెల్లబట్టలు కట్టుకున్నారు. విమలసిరి పెళ్ళాం చేసిన నూనెప్పాలతో వచ్చాడు, యసవతక్క పాలన్నం తెచ్చింది. పంచాంగంలో మొదటి పని దక్షిణం చూస్తూ చెయ్యమని ఉంది. మంచం పక్క బల్ల మీద పెడితే తూర్పవుతుంది. విమలసిరి బల్లని ఎత్తి కిటికీ దగ్గరికి చేర్చాడు. లాప్‌టాప్ తీగ తీసుకెళ్ళి కిటికీ పక్కనున్న ప్లగ్గులో గుచ్చాడు.

సుగతదాస కళ్ళు పెద్దవి చేశాడు. కిటికీ వైపు, మాలని వైపు, మళ్ళీ కిటికీ వైపు తిప్పాడు. అట్ట కోసం చూశాడు. అట్ట దుప్పటి కింద ఉంది.

"చూడండి, చూడండి, ఎంత ఆత్రమో!" అని నవ్వింది యసవతక్క.

"ఆగు తమ్ముడూ, గడియ దాటిపోతుంది" అన్నాడు విమలసిరి. ఊళ్ళో టపాకాయలు పేలాయి. కొబ్బరిచెట్టు మీద కోయిల కూసింది. మాలని దీపం వెలిగించి, యంత్రం మీట నొక్కింది. తెర వెలిగింది. సుగతదాస కళ్ళనుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. మాలని కొంగుతో తుడుస్తూ, "సంతోషం పట్టలేకపోతున్నారు" అంది అందరితో. ఆమె కళ్ళూ నిండాయి.

తెరమీద ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు వచ్చాయి. విమలసిరి దేనికీ వద్దనలేదు. బొమ్మలు పెట్టమంటావా? సరే. వార్తలు? సరే. ఆటలు, కాపలావాడు, వాన కబుర్లు? సరే, సరే, సరే. "మంచి గడియలో కాదనకూడదు" అన్నాడు. ఆఖరికి యంత్రం తనను తాను బాగుచేసుకుంటానంది, కాసేపు ఎవరూ ఆపవద్దంది. ఒక గుండ్రం తిరగడం మొదలెట్టింది. లోపల చిన్న ఫ్యాను రొదపెట్టింది. ఆ రొద వింటూ సుగతదాస అనుకున్నాడు: ఇది ట్యాంకులో ఉన్న చుక్కలమీద కొండెక్కుతోంది, ఎవరూ చూడ్డం లేదు. అతనికి జీవితంలో ఎన్ని కేకలు వేసి ఎన్ని బస్సులు ఆపిన గొంతుండేది! ఆ క్షణాన ఒక్క కేక, ఒక్కటే ఒక్కటి దక్కితే చాలనుకున్నాడు.

గుండ్రం తిరుగుతూ తిరుగుతూ ఆగింది. తెర నల్లబడింది.

బాగుచేసుకోవడం మధ్యలో తెగిపోవడంతో, మంచం పక్క ప్లగ్గుకి మార్చినా అది సరిగా లేవలేదు. నీలంగా ఒక పేజీ వచ్చేది, ఏదో మొర పెట్టుకునేది, ఆరిపోయేది, మళ్ళీ మొదటికొచ్చేది. సాయంత్రం అట్ట మీద సుగతదాస మిగిలిన మాటలు పూర్తిచేశాడు: "ప్లగ్గు. బల్లి చచ్చింది."

విమలసిరి నెత్తి కొట్టుకున్నాడు. "ఒరేయ్, ముందే చెప్పొద్దుట్రా!" అనేసి, అన్నాక నాలిక్కరుచుకుని మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు.

సుగతదాస మళ్ళీ అట్టవైపు చూశాడు. మాలని వేలు నడిపింది. "బ్రేకు వెయ్యడంలో నువ్వెప్పుడూ ఆలస్యమే" అని రాయించాడు. విమలసిరి నవ్వబోయి ఏడ్చేశాడు.

పండగ అయిపోయింది. కరెంటు కోతలు మళ్ళీ మొదలయ్యాయి. ఊళ్ళో మరమ్మతు కొట్లన్నీ మూసి ఉన్నాయి. పనికి బయల్దేరే మంచి గడియ ఇంకా రాలేదు, అదొచ్చేదాకా ఎవడూ తాళం తియ్యడు. ఇంట్లో కిరోసిన్ అడుగంటింది. మాలని తెల్లవారుజామున డబ్బా పట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడింది. వెళ్తే అతనికి గంట లేదు, ఉంటే గంజి లేదు. చివరికి యసవతక్కకి చెప్పి వెళ్ళింది. "మధ్యమధ్య తొంగిచూస్తూ ఉంటాలే, వెళ్ళు తల్లీ" అంది ఆమె.

వెళ్ళేముందు మాలని అలవాటుకొద్దీ బొత్తాన్ని అతని బొటనవేలి కింద పెట్టింది. అది దేనికీ తగిలించి లేదు.

ఎండ కిటికీ దాటి గోడమీదికి వచ్చే వేళకి కఫం అడ్డుపడింది. మొదట గురక లాంటి చప్పుడు, తర్వాత ఆ చప్పుడూ లేదు. సుగతదాస బొత్తం నొక్కాడు. టిక్కుమంది. మళ్ళీ నొక్కాడు. టిక్కు. ఇంట్లో వినబడేది అదొక్కటే. అది తనకి తప్ప ఎవరికీ వినబడదని తెలిసే నొక్కాడు. కంచె అవతల యసవతక్క ఎవరితోనో నవ్వుతూ మాట్లాడటం వినబడుతూనే ఉంది. నాలుగు అడుగుల దూరం. కళ్ళముందు చుక్కలు లేచాయి. బొటనవేలు బస్సు గంట తాడు లాగినట్టు లాగుతూనే ఉంది: ఆపు, ఆపు, ఆపు. మనసులో త్రిరత్నాలని తలుచుకుందామనుకున్నాడు, మాలని పేరే వచ్చింది.

అప్పుడు పళ్ళెం చప్పుడైంది. పండగనాడు మాలని పంపిన పళ్ళేన్ని యసవతక్క తిరిగివ్వడానికి వచ్చింది. మా వైపు పళ్ళెం ఖాళీగా తిరిగివ్వరు, దాంట్లో రెండు అరటిపళ్ళూ నాలుగు నూనెప్పాలూ ఉన్నాయి. ఆమె అతని మొహం రంగు చూసి పళ్ళెం వదిలేసింది. తల పక్కకి తిప్పి, కొంగు వేలికి చుట్టి నోట్లో పెట్టి లాగింది. లాగుతూ, ఏడుస్తూ, దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలిచింది. ఊపిరి ఈలలా లోపలికి వెళ్ళింది.

మాలని ఖాళీ డబ్బాతో తిరిగొచ్చేసరికి నేలమీద అరటిపళ్ళు దొర్లి ఉన్నాయి. యసవతక్క సుగతదాస తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఉత్త పళ్ళెం ఎలా ఇస్తానని నూనెప్పాలు వేయిస్తూ కూర్చున్నానే మాలనీ! లేకపోతే ముందే వచ్చేదాన్ని! పాపిష్టిదాన్ని!"

"ఆ నూనెప్పాలే లేకపోతే నువ్వసలు వచ్చేదానివా అక్కా?" అంది మాలని. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. సుగతదాస నోరు తుడిచి, ఛాతీమీద చెయ్యి వేసి, అది పైకీ కిందికీ లేవడం చూసింది. తర్వాత లాప్‌టాప్‌ని తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుంది.

"ఎక్కడికే? బయల్దేరే గడియ ఎల్లుండి కదా" అంది యసవతక్క.

"ఊపిరికి గడియలున్నాయా అక్కా? నేనొచ్చేదాకా ఆయన పక్కనుంచి లేవకు."

బస్సులు లేవు. ఆమె తారు రోడ్డుమీద నడిచి, తేయాకు లారీ ఆపి, గొదపిటియ చేరింది. అక్కడ మసీదు పక్క సందులో ఉవైస్ నానా మరమ్మతు కొట్టుంది. నానా అంటే వాళ్ళలో అన్న. ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ అతను ఉవైస్ నానాయే. మన గడియలు అతనికి లేవు, అతనికి అప్పుడు ఉపవాసాల నెల. కొట్టు తెరిచి, కరెంటు లేక, తడి తువ్వాలు నెత్తిన వేసుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"అక్కా, కరెంటొస్తే గానీ..." అని మొదలెట్టి, తువ్వాల్లోంచి బయటపడ్డ యంత్రాన్నీ, ఆమె మొహాన్నీ చూసి ఆగాడు. సంగతి విన్నాక ఇంకేం అడగలేదు. కొట్టు మూశాడు. ఒక పాత కారు బ్యాటరీని సైకిలు వెనక కట్టాడు. "ఉపవాసం విడిచే వేళకి కండక్టరన్న మసీదు దగ్గర బస్సు ఆపించేవాడు. మా నాన్న దిగి అక్కడ పోసే కంజి, అదే గంజి, తాగి ఎక్కేదాకా ఎవర్నీ కసరనిచ్చేవాడు కాదు. పద అక్కా" అన్నాడు.

ఉవైస్ వచ్చి మంచం పక్కన చాపమీద కూర్చున్నాడు. యసవతక్క అలవాటుగా టీ గ్లాసుతో వచ్చింది. మాలని కళ్ళురిమితే నాలిక్కరుచుకుని గ్లాసు వెనక్కి దాచి, తనూ తాగకుండా అరుగుమీద పెట్టేసింది. అది చల్లారి ఈగలు ముసిరాయి గానీ ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఎవరూ గుక్కెడు నీళ్ళు ముట్టలేదు.

ముందు ఉవైస్ యంత్రంలో ఉన్నదంతా తుడిచేసి, తన దగ్గరున్న పుల్లంత పెన్‌డ్రైవ్‌లోంచి మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించాడు. తెచ్చిన ముసలి కారు బ్యాటరీ ఆ ఒక్క పనికే చచ్చింది. అది లేచింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అతను మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"లేవడం కాదక్కా, ఎంతసేపు నిలబడుతుందో చూడాలి. కొత్త యంత్రమంటే పెళ్ళివారిల్లు. పిలవని చుట్టాలే సగం. ఊరికే కూర్చుని తింటూ ఉంటారు." సుగతదాస వైపు తెర తిప్పాడు. "అన్నా, ఇది నీ బస్సు. వీళ్ళంతా టికెట్టు లేకుండా ఎక్కినవాళ్ళు. ఒక్కొక్కణ్ణీ చూపిస్తా, దింపాలో ఉంచాలో నువ్వే చెప్పు."

చాలాకాలం తర్వాత సుగతదాస కళ్ళలో పాత వెలుగొకటి తొంగి చూసింది.

ఆటలు? దించెయ్. బొమ్మలు దాచే గది? దించెయ్. యంత్రం లేవగానే తమంతట తామే లేచే పనివాళ్ళు ఒక గుంపు ఉన్నారు, అందర్నీ దించారు. ఎప్పటికప్పుడు గాల్లో కబుర్లు వెతుక్కునేది దించేశారు. పక్క యంత్రాల్తో గుసగుసలాడేది దించేశారు. కిటికీలు తెరుచుకునేటప్పుడు చేసే వయ్యారాలన్నీ మాన్పించారు. తనను తాను బాగుచేసుకుంటానని మధ్యలో మొదలెట్టకుండా, కరెంటుండి మాలని ఊఁ అంటేనే చేసుకోవాలని కట్టడి పెట్టారు. తెర వెనక నీలి సముద్రం బొమ్మ ఉంటే, దాన్ని తీసేసి నల్లగా ఉంచారు.

"మాతర సముద్రమేమో అనుకున్నా, అదీ పోయిందా" అంది మాలని.

"నింపడంలో కూడా పిసినారితనం ఉందక్కా. గొంతుదాకా నింపకపోతే బ్యాటరీ ఎక్కువకాలం బతుకుతుందంటారు. మనకా భోగం లేదు. కరెంటున్న ప్రతి నిమిషం నింపుకోవాల్సిందే" అన్నాడు ఉవైస్.

కరెంటొచ్చింది, యంత్రం నిండింది, కరెంటు పోయింది. ఉవైస్ ఇంటికి వెళ్ళలేదు. కోత పూర్తయ్యేదాకా ఎంత తింటుందో చూస్తానని గోడకి జేరబడ్డాడు. పెదాలు ఎండి తెల్లబడ్డాయి. సుగతదాస ఊరికే మాటలు పేరుస్తూ పోయాడు, ఖర్చు తెలియాలి కదా. మొదట ఉవైస్ మొహం కళకళలాడింది. తర్వాత తర్వాత చూపు తెర మూలకి అంటుకుపోయింది. కోత ఇంకా మిగిలే ఉంది, బ్యాటరీ గుర్తు ఎర్రబడింది.

"సరిపోదా?" అంది మాలని మెల్లగా.

"చాలావరకు వస్తుందక్కా. చివర కొంచెం తక్కువ పడుతుంది."

ఆ కొంచెంలో ఏముందో ఆ గదిలో అందరికీ తెలుసు. మాలని నేలమీద పొద్దున అరటిపండు నలిగిన మరకనే చూస్తూ ఉండిపోయింది. ఇంత మంది కష్టం, దేవుడికి దణ్ణాలు, మంచి గడియలు, ఉపవాసముండి వచ్చిన మనిషి, అన్నీ కలిపినా ఒక మగాడి ఊపిరికి జానెడు తక్కువేనా అనిపించింది ఆమెకి. ఏడుపు కూడా రాలేదు.

సుగతదాస బొటనవేలు కదిలింది. అక్షరం వెంట అక్షరం పోగుపడింది. యంత్రం ఉప్పూ కారం లేకుండా అంది: "తెర ఆర్పెయ్."

"ఆర్పేస్తే రాసేదెలా అన్నా? వెలుగు ఎక్కడుందో కనబడొద్దూ?" అన్నాడు ఉవైస్.

చాలాసేపు పట్టింది. "చివరి ట్రిప్పులో మన బస్సుకి లైట్లెప్పుడు వెలిగాయి? చీకట్లోనే కోశాను టికెట్లు. చెవిలో టిక్కు పెట్టు. వరసలు నాకు కంఠతా వచ్చు."

ఉవైస్ జేబులోంచి తన ఫోనుకి పెట్టుకునే చెవిపూస తీసి తుడిచి సుగతదాస చెవిలో పెట్టాడు. వెలుగు కదిలినప్పుడల్లా చిన్నగా టిక్కుమనేలా చేశాడు. తెర ఆర్పేశాడు. తన మాటలు పేరుకోవడం కళ్ళారా చూసుకునే వీలు సుగతదాసకి అంతటితో పోయింది. నల్లటి అద్దంలో మంచం, కిటికీ, వంగి చూస్తున్న రెండు మొహాలు కనబడ్డాయి. బొటనవేలు తడబడింది. మొదటి మాట తప్పొచ్చింది, రెండోదీ తప్పే. మూడోసారి చీకట్లోంచి హారన్ మోగింది. అరుగుమీదున్న యసవతక్క చెప్పులు వదిలేసి లోపలికి ఉరికొచ్చింది.

"ఏమైంది, ఏమైంది?"

"ఏం లేదక్కా, బస్సు నడుస్తోంది" అన్నాడు ఉవైస్.

మర్నాడు మళ్ళీ వచ్చి కోత మొదలుకొని చివరిదాకా కాచాడు. ఈసారి కరెంటొచ్చేసరికి అడుగున ఇంకా కాస్త మిగిలింది. చాలా కాస్త. "గొంతు వాడినప్పుడే ఎక్కువ తింటోందక్కా. గట్టిగా, ఎక్కువసేపు మాట్లాడితే మళ్ళీ మొదటికే. పొద్దున్నే కరెంటు పోతుంది, నువ్వు వరసకి పోతావు, ఆ వేళకి నిండుగా ఉండాలి. అవసరానికే వాడుకోమను" అన్నాడు. అవసరమంటే గంట ఒక్కటే అని వేరే చెప్పక్కర్లేకపోయింది.

మసీదు వైపునుంచి సాయంత్రం పిలుపు వినబడింది. మాలని కొబ్బరిపాలు పోసి, యసవతక్క పొయ్యిమీద తానే కాచిన కంజి గిన్నె, రెండు ఖర్జూరాలు తెచ్చి అతని ముందు పెట్టింది. అవి ఎక్కడ సంపాదించిందో అడిగితే చెప్పలేదు. ఉవైస్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని తాగాడు. అతను తాగాకే యసవతక్క టీ గ్లాసు తీసింది.

వెళ్ళేముందు ఉవైస్ మంచం దగ్గర వంగి, "ఇంకేమన్నా చెయ్యాలా అన్నా?" అన్నాడు.

సుగతదాస కళ్ళు అతని మీదనుంచి మాలని మీదికి వెళ్ళాయి. చీకటి తెర వెనక టిక్కులు నడిచాయి. మాలని కొంగు భుజమ్మీద వేసుకుని మంచం పట్టెమీద కూర్చుంది. పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ పక్కింటికి వినబడేలా ఆమె ఒక్క మాటా అనలేదు. కూరలమ్మేవాణ్ణి పిలవాలన్నా యసవతక్కచేత పిలిపించేది.

యంత్రం, ఆ రోజుకి అదే ఆఖరి మాటగా, మెల్లగా అంది:

"మాలనీ, రేపట్నుంచీ మాతర బస్సు నువ్వు పిలువు. గట్టిగా పిలువు, వెనకవాళ్ళకి వినబడాలి."